ఉప్పు గాలిలో తిరిగే బైక్‌కు సైలెన్సర్ ప్యాకింగ్ మార్చడం ఎలా

సైలెన్సర్ ప్యాకింగ్ అంటే ఇంజన్‌కూ సైలెన్సర్ పైపుకూ మధ్య పొగ లీకవకుండా పెట్టే ఉంగరం. దాన్ని మార్చడమంటే పైకి కనిపించేది ముందు రెండు నట్లు, వెనక ఒక బోల్టు. విప్పడం, కొత్తది పెట్టడం, బిగించడం, అరగంట పని. విశాఖలో మాత్రం ఆ ముందు రెండు నట్లే అసలు పని. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండి అయినా, పెదవాల్తేరులో రాత్రంతా ఆరుబయట నిలబడే బండి అయినా, ఇంజన్ పై భాగమైన హెడ్‌లోంచి బయటికొచ్చే ఆ రెండు స్టడ్‌లు (నట్లు ఎక్కే మరల కడ్డీలు) ఉప్పు గాలికి తుప్పు పట్టి నట్టుతో ఏకమై ఉంటాయి. తొందరపడి పానా వేసి గుంజితే నట్టు రాదు, స్టడ్ విరుగుతుంది. ప్యాకింగ్ చిన్న బండ్లకు వంద రూపాయల లోపే దొరుకుతుంది. విరిగిన స్టడ్ తీయించాలంటే లేత్ షాపు చుట్టూ తిరగాలి. అందుకే ఇక్కడ బిగించడం కంటే విప్పడం గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఏ ప్యాకింగ్ ఎక్కడ ఉంటుంది

షాపులో దీన్ని ప్యాకింగ్ అంటారు, కొందరు సైలెన్సర్ వాషర్ అంటారు, కంపెనీ పార్టుల పుస్తకంలో గ్యాస్కెట్ అని ఉంటుంది. మూడూ ఒకటే. మొదటిది ఇంజన్ హెడ్‌లో పొగ బయటికొచ్చే రంధ్రం దగ్గర, బెండ్ పైపు (ఇంజన్ నుంచి వంగి వెనక్కి వెళ్లే పైపు) మూతికీ హెడ్‌కీ మధ్య ఉండే ఉంగరం. ఎక్కువ బండ్లలో ఇది పైన రాగి రేకు చుట్టి లోపల మెత్తటి పదార్థం నింపినది. కొన్నిటిలో సన్నటి తీగ అల్లికలో గ్రాఫైట్ కూరి ఉంటుంది. రెండూ ఒకసారి నలిగాక మళ్లీ పనికిరావు. నలిగి, హెడ్‌కీ పైపుకీ ఉన్న ఎగుడుదిగుళ్లలోకి సర్దుకోవడమే దాని పని. నలిగిపోయిన ఉంగరాన్ని మళ్లీ పెడితే సర్దుకోవడానికి అందులో ఏమీ మిగలదు. పైకి బాగానే ఉందని పాతదే పెట్టేస్తే కొన్నాళ్లకే పొగ లీకై టిక్ టిక్ శబ్దం మొదలవుతుంది.

రెండోది బెండ్ పైపు వెనక మఫ్లర్‌లో (శబ్దం తగ్గించే లావు గొట్టంలో) దూరే చోట ఉంటుంది. బెండ్ పైపు, మఫ్లర్ విడివిడిగా వచ్చే బండ్లకే ఇది ఉంటుంది. గ్రాఫైట్‌తో చేసిన పొట్టి గొట్టంలా ఉండి, మీద క్లాంపు బిగుస్తుంది. 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి బెండ్ పైపు, సైలెన్సర్ ఒకే ముక్కగా వస్తాయి కాబట్టి ముందు ఉంగరం ఒక్కటే మార్చాలి. రెండు సిలిండర్ల బండికి ముందు రెండు ఉంగరాలు కావాలి, ఒకటే కొనుక్కొని రావద్దు.

కొనేటప్పుడు బండి పేరు చెబితే చాలదు, తయారైన సంవత్సరం కూడా చెప్పండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా మోడళ్లకు సైలెన్సర్, ప్యాకింగ్ రెండూ మారాయి. పేరు ఒకటే, ఉంగరం కొలత వేరు. అనుమానంగా ఉంటే పాతది విప్పాక చేతిలో పట్టుకెళ్లి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం కొత్తదానితో పోల్చుకోండి. మందం మాత్రం పోల్చవద్దు, పాతది నలిగి సన్నబడి ఉంటుంది. ఉంగరంతో పాటు రెండు కొత్త నట్లు తెచ్చుకోండి. దొరికితే ఇత్తడి నట్లు మేలు, అవి స్టడ్‌కు పట్టుకుపోవు. మెరుస్తుంది కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు నట్లు వేయకండి. పొడి మరల మీద అవి ఒరుసుకుని మధ్యలోనే ఇరుక్కుపోతాయి. మఫ్లర్ క్లాంపు తుప్పు పట్టి ఉంటే అది కూడా మార్చాలి.

దగ్గర ఉండాల్సినవి

తుప్పు వదిలించే స్ప్రే, సాకెట్ సెట్టు, చిన్న సుత్తి, ఇత్తడి తీగల బ్రష్, సన్న ఎమరీ పేపరు, కొక్కెంలా మొన వంగిన సన్నటి పనిముట్టు, టార్చి, మరలు పట్టుకుపోకుండా ఆపే రాగి యాంటీ సీజ్ గ్రీజు చిన్న ట్యూబు, నూనె అంటని పాత బనియన్ గుడ్డలు. ఎంత బలంతో (టార్క్‌తో) బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఉంటే ఇంకా మంచిది. సాకెట్ ఆరు మూలలదే వాడండి. పన్నెండు మూలలది తుప్పు పట్టిన నట్టు మూలలను గుండ్రంగా చెక్కేస్తుంది, ఆ తర్వాత ఏ పానా పట్టదు. 6 మి.మీ. స్టడ్‌కు నట్టు సాధారణంగా 10 నంబరు, 8 మి.మీ. స్టడ్‌కు 12 లేదా 13.

ముందు రోజు సాయంత్రం

పని ఆదివారం పొద్దున అనుకుంటే శనివారం సాయంత్రమే మొదలుపెట్టండి. బండి పూర్తిగా చల్లారాక నట్టు చుట్టూ, బయటికి కనిపిస్తున్న స్టడ్ మరల మీద ఉన్న తుప్పును ఇత్తడి బ్రష్‌తో రాల్చండి. ఇది చేయకుండా స్ప్రే కొడితే నూనె తుప్పు పొరను తడుపుతుంది కానీ మరల్లోకి దిగదు. తర్వాత నట్టుకు ముందూ వెనకా స్ప్రే కొట్టి, స్టడ్ చివర సుత్తితో మెల్లగా నాలుగైదు దెబ్బలు వేయండి. గట్టిగా కొట్టక్కర్లేదు, ఆ అదురుకే నూనె లోపలికి దిగుతుంది. గంట తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి. వెనక ఫుట్‌రెస్ట్ దగ్గరి బోల్టుకూ, క్లాంపు బోల్టుకూ ఇదే.

పొద్దున విప్పే ముందు

స్ప్రే ఆరిపోయిందో లేదో చూసి, బండిని ఆరుబయట రెండు మూడు నిమిషాలు మాత్రమే స్టార్ట్ చేసి ఆపేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దు, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ పోగుపడుతుంది, దానికి వాసన ఉండదు. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు హెడ్‌లో స్టడ్ పట్టు కొంచెం సడలుతుంది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, నట్టుతో పాటు స్టడ్ కూడా తిరగాల్సి వస్తే విరగకుండా వస్తుంది. ఇక్కడ వెచ్చదనం అంటే చెయ్యి ఆన్చగలిగేంత. కాలుతుంటే ఆగండి. పెట్రోలు ట్యాంకు కింద గ్యాస్ మంట పెట్టి వేడి చేసే పద్ధతి ఇంట్లో అస్సలు వద్దు.

బీఎస్6 బండి అయితే ఇంకో పని ముందుంది. బెండ్ పైపుకో, హెడ్ దగ్గరో పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. దాని వైరు ఎక్కడికి వెళుతుందో చూసి కనెక్టర్ విడదీయండి. పైపు మీదే ఉన్న సెన్సార్‌ను పైపుతో పాటు బయటికి తీసి తర్వాత విప్పడమే తేలిక. వైరు మెలిపడకూడదు, మొన మీద తుప్పు స్ప్రే పడకూడదు, కింద పడకూడదు. లోపల పింగాణీ ఉంటుంది, పడితే పోయినట్టే.

విప్పడం

నట్టును మొదట విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి. చిన్న టక్ మనే శబ్దం వస్తే తుప్పు అతుకు విడిందన్నమాట. అప్పుడు విప్పండి. పావు చుట్టు విప్పి మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ, మధ్యలో స్ప్రే కొడుతూ రావాలి. చేతికి స్ప్రింగులా సాగుతున్నట్టు తగిలితే వెంటనే ఆగండి. అది నట్టు కదలడం కాదు, స్టడ్ మెలి తిరగడం. ఇంకో చుట్టు అలాగే తిప్పితే విరుగుతుంది. ఆపి, స్ప్రే కొట్టి, బిగించే వైపుకు వెనక్కి తెచ్చి మళ్లీ ప్రయత్నించండి. పట్టుకున్న నట్టుకు గంట పట్టినా నష్టమేమీ లేదు.

నట్టుతో పాటు స్టడ్ మొత్తం ఊడి వస్తే కంగారు పడకండి. మరలు బాగుంటే అదే స్టడ్‌ను శుభ్రం చేసి తిరిగి బిగించవచ్చు, కొత్తది వేస్తే ఇంకా మంచిది. రెండు నట్లను ఒకదానికి ఒకటి బిగించి లోపలి నట్టు పట్టుకుని విప్పితే మిగిలిన స్టడ్ కూడా వస్తుంది.

విరిగితే ఏం చేయాలి? బయట కొంచెం ముక్క మిగిలితే, గోరువెచ్చగా ఉండగా పట్టు ప్లయర్‌తో గట్టిగా పట్టి అటూ ఇటూ ఆడిస్తూ తీయవచ్చు. హెడ్‌తో సమానంగా విరిగితే ఇంటి డ్రిల్లు తీయొద్దు. డ్రిల్లు బిట్ ఉక్కు ముక్క మీద నిలవక పక్కనున్న మెత్తటి అల్యూమినియంలోకి జారుతుంది. ఈజీ అవుట్ అని అమ్మే పనిముట్టు కూడా ఇక్కడ వద్దు. అది లోపల విరిగితే దాని గట్టిదనానికి ఏ డ్రిల్లూ దిగదు. గాజువాక ఆటోనగర్ వైపు లేత్ పని చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. విరిగిన ముక్క మీద నట్టు వెల్డింగ్ చేసి తీస్తారు, కుదరకపోతే రంధ్రం పెద్దది చేసి లోపల తీగ మరలు వేస్తారు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తీయించండి. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి అయితే కంప్యూటర్ కనెక్టర్ కూడా తీయించాలి. ఇది మీరు అడిగి చేయించుకోవాలి.

నట్లు వచ్చాక వెనక బోల్టు చివరికి విప్పండి. దాన్నే మొదట విప్పితే సైలెన్సర్ బరువంతా విరగబోయే స్టడ్‌ల మీద పడుతుంది. కొన్ని బండ్లలో పైపు మూతి చుట్టూ రెండు సగం ఉంగరాలుగా విడిపోయే కాలర్ ఉంటుంది. పైపు తీసేటప్పుడు అవి జారి కింద పడతాయి, చూసుకోండి.

లోపల పాతది ఉంది, వెతకండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పైపు తీస్తే ఉంగరం పైపుతో రాదు, హెడ్‌లోనే ఉండిపోతుంది. మసి పట్టి నల్లబడి హెడ్‌లో భాగంలా కనిపిస్తుంది. పాత ప్యాకింగ్ లేదనుకుని దాని మీదే కొత్తది పెడతారు. అప్పుడు ఫ్లేంజ్ (పైపు మూతిని హెడ్‌కు నొక్కిపట్టే ప్లేటు) ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, నట్టుకు మరలు తక్కువ పడతాయి, వేడికి రెండు ఉంగరాల మధ్య నుంచి పొగ తోసుకొస్తుంది. ఒక్కో బండిలో రెండు మూడు ఉంగరాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కూడా. టార్చి వేసి, కొక్కెం మొనతో లోపలి అంచు గీరి చూడండి. రాగి ఎరుపు తళుక్కుమంటే అది ప్యాకింగే.

తీసే ముందు ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుని ఉండేలా చూడండి. ఇగ్నిషన్ ఆఫ్‌లో పెట్టి కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. బరువుగా అడ్డం తగిలే చోట ఆపితే చాలు, అది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే దశ. అప్పుడు రెండు వాల్వులూ మూసే ఉంటాయి. కిక్ లేని బండి అయితే వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీద పెట్టి, పై గేరులో వేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ అదే అడ్డం కోసం చూడండి. ఇలా చేయకుండా గీరితే రాగి పొడి, మసి సిలిండర్‌లోకి పోతాయి.

కొక్కెంతో ఉంగరం లోపలి అంచును పట్టి చుట్టూ కొంచెం కొంచెంగా లేపండి. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే ఉంగరం కూర్చునే అల్యూమినియం ముఖం మీద గీత పడుతుంది. ఆ గీతను ఏ ప్యాకింగూ పూడ్చదు. తీశాక ముఖాన్ని ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేయండి. అక్కడ కనిపించే తెల్లటి పొడి అల్యూమినియం చిలుము, అది కూడా పోవాలి. డ్రిల్లుకు తీగ బ్రష్ తగిలించి వేగంగా తిప్పవద్దు.

పైపు మూతినీ చూడండి. తుప్పు పొలుసులు ఎమరీతో తీసి, మూతిని చదునైన గాజు పలక మీదో, టైల్ మీదో ఆన్చండి. ఊగితే వంకర ఉంది. ఫ్లేంజ్ ప్లేట్ కూడా స్కేలు పెట్టి చూడండి. ఇంతకు ముందు ఎవరో అతిగా బిగించి ఉంటే మధ్యలో విల్లులా వంగి ఉంటుంది. వంగిన ప్లేట్‌తో రెండు చివర్లూ ఎంత బిగించినా ఉంగరం మీద సమానంగా ఒత్తిడి పడదు.

కొత్తది పెట్టడం

స్టడ్ మరల మీద యాంటీ సీజ్ గ్రీజు పలచగా రాయండి. సెన్సార్ మొన మీద పడకూడదు, సెన్సార్ మరల మీద కూడా దానికి పనికొచ్చేదే వాడాలి. కొత్త సెన్సార్‌కు కంపెనీ రాసి పంపినదే చాలు.

ఉంగరానికి మూడు చోట్ల గ్రీజు చిన్న చుక్క పెట్టి హెడ్‌లోని గాడిలో అతికించండి. పైపు ఎత్తేటప్పుడు జారి పడకుండా ఉండటానికే ఆ చుక్క. సిలికాన్ గమ్ అనుకుని ఎర్ర ట్యూబు పూయకండి. అది 300 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వరకే నిలుస్తుంది. హెడ్ దగ్గర పొగ వేడి దాన్ని దాటుతుంది. కాలి రాలడమే కాదు, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సార్‌ను పాడు చేస్తుంది. ఇక్కడ గమ్ పూయని ఉంగరమే సరైనది.

మఫ్లర్ విడిగా ఉంటే గ్రాఫైట్ గొట్టాన్ని మఫ్లర్‌లో పెట్టి, బెండ్ పైపు చివరను నిటారుగా చేర్చి, కొంచెం తిప్పుతూ నెట్టండి. వంకరగా నెట్టినా, సుత్తితో కొట్టినా అంచు చిరుగుతుంది. క్లాంపు బోల్టు నేలకు తగలని వైపు ఉండనివ్వండి.

ఇప్పుడు బిగించే వరస. దీన్ని మార్చవద్దు. ముందు రెండు నట్లూ చేత్తో పట్టించండి. తర్వాత వెనక బోల్టు రంధ్రంలో పెట్టి రెండు చుట్లు తిప్పి వదలండి, బిగించవద్దు. క్లాంపు కూడా వదులుగానే. బోల్టు రంధ్రం కలవకపోతే సైలెన్సర్‌ను గుంజి కలపకండి. అలా గుంజినదంతా ముందు ఉంగరం మీద ఒత్తిడిగా నిలుస్తుంది, గుంతలు తగిలిన ప్రతిసారీ దాన్ని ఒక పక్కకు వంచుతుంది. బయటి కంపెనీ సైలెన్సర్లలో బ్రాకెట్ రెండు మూడు మి.మీ. తేడాగా ఉండటం మామూలే. వాషర్ పెట్టి సర్దాలి.

అంతా చేత్తో కూర్చున్నాక ముందు నట్లను బిగించడం మొదలుపెట్టండి. ఒకటి సగం చుట్టు, రెండోది సగం చుట్టు. ఉంగరం నలుగుతున్నప్పుడు చేతికి మెత్తగా లొంగుతున్నట్టు ఉంటుంది, తర్వాత గట్టిబడుతుంది. మీ బండి మాన్యువల్‌లో టార్క్ అంకె ఉంటే అదే ఖాయం. అందుబాటులో లేకపోతే 6 మి.మీ. స్టడ్‌కు సుమారు 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ.కు సుమారు 20. గ్రీజు రాసిన మరలకు కొంచెం తక్కువే చాలు. ఫ్లేంజ్‌కూ హెడ్‌కూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి. ఆ సందు ఉండాల్సిందే. అది మూసుకునేదాకా బిగిద్దామని వెళితే ప్లేట్ వంగుతుంది, లేదా స్టడ్ పోతుంది.

తర్వాత క్లాంపు, చివరగా వెనక బోల్టు. సెన్సార్ కనెక్టర్ టిక్ మని కూర్చునేలా నొక్కండి. వైరు పైపుకు తగలకుండా పాత దారిలోనే వేయండి. మెరిసే పైపు అయితే చేతి మరకలన్నీ తుడిచేయండి. వేడికి ఆ వేలిముద్రలు మచ్చలుగా కాలి ఎప్పటికీ పోవు.

స్టార్ట్ చేశాక

మొదట రెండు మూడు నిమిషాలు గ్రీజు కాలి సన్నగా పొగ వస్తుంది, అది లీకు కాదు. లీకు వెతకడానికి ఇంట్లో ఉన్న అగరుబత్తి చాలు. పెట్రోలు వాసన ఎక్కడా లేదని చూసుకుని, వెలిగించిన అగరుబత్తిని హెడ్ జాయింటు చుట్టూ రెండు వేళ్ల దూరంలో మెల్లగా తిప్పండి. లీకు ఉన్నచోట పొగ తెగిపోతూ ఎగిరిపడుతుంది. ఫ్యాన్ ఆపండి, గాలి ఉన్న చోట చేయకండి. బీచ్ దగ్గర ఇల్లయితే గోడ చాటు వెతుక్కోవాలి.

పది పదిహేను కిలోమీటర్లు తిప్పి, చెయ్యి పెట్టగలిగేంత కాదు, పూర్తిగా చల్లారనివ్వండి. ముందు నట్లను మళ్లీ అదే టార్క్‌కు చూడండి. వేడికి ఉంగరం ఇంకొంచెం నలుగుతుంది కాబట్టి పావు చుట్టు దాకా తిరగడం మామూలే. 200 కిలోమీటర్ల తర్వాత మరొకసారి.

యాక్సిలరేటర్ వదిలి దిగేటప్పుడు పట్‌పట్ మంటుందా? సింహాచలం కొండ దిగుతూ వినండి, అక్కడ బాగా తెలుస్తుంది. ముందు జాయింటు దగ్గర నల్లటి మసి గీత పడి ఉంటే అక్కడి నుంచే గాలి లోపలికి పోతోంది. కొన్ని పాత కార్బురేటర్ బండ్లకు హెడ్ మీదికి వచ్చే గాలి గొట్టం ఒకటి ఉంటుంది, దాని వాల్వు పాడైనా ఇదే శబ్దం వస్తుంది. ప్యాకింగ్‌ను తిట్టే ముందు ఆ గొట్టం పగిలిందేమో చూడండి. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండికి సెన్సార్‌కు ముందు లీకు ఉంటే బయటి గాలి చేరి పెట్రోలు తక్కువైందని కంప్యూటర్ పొరబడుతుంది, ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోవడం, ఇంజన్ లైటు వెలగడం అందుకే.

సైలెన్సర్ అడుగున ఉండే సన్న రంధ్రంలోంచి పొద్దున్నే నీటి చుక్కలు రావడం లీకు కాదు, తేమ బయటికి పోవడానికి కంపెనీ పెట్టిన దారి. దాన్ని వెల్డింగ్ చేసి మూస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది.

శబ్దం కోసం సైలెన్సర్ మారుస్తున్నవాళ్లకు ఒక మాట. విశాఖ పోలీసులు పట్టుకున్న మార్పిడి సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దు అయ్యే వీలుంది. లోపల కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) లేని పైపు పెడితే పొల్యూషన్ పరీక్షలోనూ ఇబ్బందే. పాత సైలెన్సర్‌ను, దానికొచ్చిన క్లాంపును పారేయకండి.

ఇక ముందు నట్లు: వర్షాకాలం ముందు ఒకసారి, నవంబరు తుఫాన్లు అయ్యాక ఒకసారి, బ్రష్ పెట్టి తుప్పు రాల్చి స్టడ్ చివర చుక్క యాంటీ సీజ్ రాయండి. సముద్రం పక్కన తిరిగి వచ్చాక బండి చల్లారినప్పుడు మంచినీళ్లతో సైలెన్సర్ ముందు భాగం కడగండి. కాలుతున్న పైపు మీద నీళ్లు కొట్టకండి.